పాఠకుల ప్రశ్నలు – జవాబులు: అంతరాలు ఎలా పుడతాయి, ఎందుకు చెరిగిపోవు?

సమాజంలో సామాజిక, ఆర్థిక అసమానతలకు కారణాలేమిటన్న అంశంపై పాఠకులు పంపిన ప్రశ్నలలో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం. ఒకే సందేహాన్ని పలువురు వ్యక్తం చేసినచోట వాటిని కలిపి ఒకే ప్రశ్నగా కుదించాం.

ప్రశ్న: సామాజిక అసమానత, ఆర్థిక అసమానత పాఠ్యపుస్తకాలలో వేర్వేరు అధ్యాయాలుగా ఉంటాయి. అవి నిజంగా వేరా? వాటిలో ఏది కారణం, ఏది ఫలితం?
– ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: బోధించే సౌలభ్యం కోసం వేరు చేస్తారు గాని, జీవితంలో అవి పెనవేసుకునే ఉంటాయి. ఆదాయంలో, ఆస్తిలో, అవసరానికి అప్పు పుట్టే వీలులో కనిపించే తేడాలను ఆర్థిక అసమానత అంటాం. ఎవరి మాట చెల్లుతుంది, ఎవరు ఏ పనికి తగినవారని జనం అనుకుంటారు, ఎవరితో వియ్యమందడానికి ఎవరు ఒప్పుకుంటారు అన్నవి సామాజిక అసమానతకు సంబంధించినవి. సమాజం చిన్నచూపు చూసే వర్గానికి తక్కువ ప్రతిఫలం వచ్చే పనులే మిగులుతాయి. ఆ పనులు చేస్తున్నారు కాబట్టే వారిని చిన్నచూపు చూడడం సబబేనని మిగతావారు నమ్ముతారు. కులం శ్రమ విభజన మాత్రమే కాదని, అది శ్రామికుల విభజన కూడానని 1936లో అంబేద్కర్ రాసినప్పుడు ఎత్తిచూపిన ముడి ఇదే. జాతి, లింగ వివక్షలలోనూ ఇలాంటి ముడే కనిపిస్తుంది. కనుక ఏది ముందు, ఏది వెనుక అన్న తర్కం కంటే, ఒకటి రెండోదాన్ని ఏ దారిన పోషిస్తోందో చూడడం ఉపయోగకరం.

మీరు పరీక్షకు సిద్ధమవుతున్నారు కాబట్టి మరొక తేడాను గుర్తుంచుకోండి. ఆదాయంలో అసమానత వేరు, సంపదలో అసమానత వేరు. ‘ప్రపంచ అసమానతల నివేదిక 2022’ లెక్క ప్రకారం ప్రపంచ జనాభాలో పైనున్న 10 శాతం మందికి మొత్తం ఆదాయంలో 52 శాతం చేరుతుండగా, సంపదలో ఏకంగా 76 శాతం వారి చేతిలోనే ఉంది. కింది సగం జనాభాకు ఆదాయంలో 8.5 శాతం దక్కుతోంది. సంపదలో మాత్రం 2 శాతమే. అసమానతను కొలవడానికి ఇటలీ గణాంకవేత్త కొరాడో జీనీ 1912లో ప్రతిపాదించిన సూచికను అందరూ వాడతారు. సున్నా అంటే పూర్తి సమానత, ఒకటి అంటే మొత్తం ఒక్కరి చేతిలోనే ఉండడం. అంతరం ఎంత అన్నది ఆ సంఖ్య చెబుతుంది గాని కింద ఉన్నవారు ఎవరో, ఎన్ని తరాలుగా అక్కడే ఉన్నారో చెప్పదు.

ప్రశ్న: నేను ఏమీ లేని స్థితి నుంచి కష్టపడి పైకి వచ్చినవాణ్ని. నాతోపాటు మొదలుపెట్టినవారిలో కొందరు అక్కడే మిగిలిపోయారు. శ్రమ, క్రమశిక్షణ, పొదుపు ఉన్నవాడు ఎదుగుతాడు, లేనివాడు వెనకబడతాడు. కలిమిలేములు కావడికుండలని పెద్దలు ఊరికే అనలేదు. దీనికి సమాజాన్ని నిందించడం న్యాయమేనా?
– ఒక చిన్న వ్యాపారి

జవాబు: మీ కష్టాన్ని ఎవరూ తక్కువ చేయలేరు. అయితే మీ లేఖలో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. ఒకేచోట మొదలైన ఇద్దరిలో ఒకరే ఎందుకు ముందుకు వెళ్లారన్నది మొదటిది. అసలు అందరూ ఒకేచోట ఎందుకు మొదలుకారన్నది రెండోది. మొదటిదానికి మీ జవాబు చాలావరకు సరిపోతుంది. అసమానతకు కారణాలు వెతికేవారు ప్రధానంగా అడుగుతున్నది రెండోది.

మీరు ప్రస్తావించిన పొదుపునే తీసుకుందాం. ఒకరి ఆదాయం 100, తిండి, అద్దె, మందులు వంటి తప్పనిసరి ఖర్చు 95 అనుకుందాం. మరొకరి ఆదాయం 200, కాస్త మెరుగ్గా బతకడానికి అయ్యే ఖర్చు 120. ఆదాయంలో తేడా రెండింతలే. కాని మొదటివారికి మిగిలేది 5, రెండోవారికి మిగిలేది 80. అంటే పొదుపులో తేడా 16 రెట్లు. లెక్క ఇక్కడితో ఆగదు. కొద్దిగా మిగిలినవారు ఆ డబ్బును ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకునేలా, నష్టభయం లేనిచోట దాచుకోవాలి. ధరల పెరుగుదల పోను అక్కడ ఏటా 2 శాతం వస్తుందనుకుందాం. ఎక్కువ మిగిలినవారు దీర్ఘకాలం కదపకుండా ఉంచగలరు, ఒకటి రెండు నష్టాలను తట్టుకోగలరు. వారికి 5 శాతం వస్తుందనుకుందాం. ఆ ఒక్క ఏడాది పొదుపు 30 ఏళ్లకు మొదటివారి చేతిలో 9 అవుతుంది, రెండోవారి చేతిలో సుమారు 346 అవుతుంది. రెండింతల తేడా 38 రెట్లయింది. ఈ లెక్కలో ఎవరూ సోమరులు కారు, ఎవరూ దుబారా చేయలేదు, ఇద్దరూ చక్రవడ్డీకే దాచారు. ఈ 30 ఏళ్లలో ఒక పెద్ద జబ్బు రెండు ఇళ్లకూ సమానంగా వచ్చిందనుకోండి. రెండో ఇంట్లో అది పొదుపులో కొంత తగ్గుదలగా కనిపిస్తుంది. మొదటి ఇంట్లో అప్పుగా మారుతుంది, పిల్లల చదువు ఆగడానికి కారణమవుతుంది. పూచీకత్తు చూపలేనివారికి ఆ అప్పు కూడా హెచ్చు వడ్డీకే పుడుతుంది.

ఇక కావడికుండల సంగతి. ఆ సామెత ఒక మనిషి జీవితంలోని ఎగుడుదిగుళ్లను చెబుతుంది. తరాల లెక్క చూస్తే కుండలు అంత తేలికగా తారుమారు కావు. ఎక్కువగా సంపన్న దేశాలు సభ్యులుగా ఉన్న ఆర్థిక సహకార అభివృద్ధి సంస్థ 2018లో వేసిన అంచనా ప్రకారం, అట్టడుగు 10 శాతం ఆదాయ వర్గంలోని కుటుంబానికి చెందినవారు ఆ దేశపు సగటు ఆదాయానికి చేరాలంటే సభ్యదేశాలలో సగటున నాలుగైదు తరాలు పడుతుంది. అంటే నూరేళ్ల పైమాటే. డెన్మార్క్‌లో రెండు తరాలు, కొలంబియాలో 11 తరాలు. డెన్మార్క్ బిడ్డలు కొలంబియా బిడ్డల కంటే అయిదింతలు కష్టజీవులని ఎవరూ అనరు కదా. ఆర్థికవేత్త బ్రాంకో మిలనోవిచ్ ప్రపంచవ్యాప్త ఆదాయాలను పరిశీలించి, మనుషుల ఆదాయాలలో కనిపించే తేడాలలో సగానికి పైగా వారు ఏ దేశంలో జీవిస్తున్నారన్న ఒక్క విషయంతోనే వివరించవచ్చని తేల్చాడు. పుట్టే దేశాన్ని ఎవరూ శ్రమించి సంపాదించుకోరు.

నిందించడం అన్న మాట మీరు వాడారు. కారణం వెతకడం వేరు, నేరం మోపడం వేరు. మీతోపాటు మొదలై అక్కడే మిగిలిపోయినవారిలో ఇంట్లో జబ్బుమనిషి లేనివారు ఎందరు, సమయానికి చేబదులు ఇచ్చే బంధువు ఉన్నవారు ఎందరు అని ఒకసారి గుర్తు చేసుకుని చూడండి. మీ ఎదుగుదలలో మీ కష్టం పాలు అప్పటికీ పెద్దదిగానే తేలవచ్చు. పూర్తిగా అదే అని మాత్రం తేలకపోవచ్చు.

ప్రశ్న: బానిసత్వం రద్దయి, వలసపాలన ముగిసి, వివక్ష చట్టాలు పోయి చాలా కాలమైంది. ఇప్పటి అసమానతలకు ఇంకా వాటినే కారణంగా చూపడం సాకు కాదా?
– పేరు రాయని పాఠకుడు

జవాబు: చట్టాన్ని ఒక్క రోజులో రద్దు చేయవచ్చు. ఆ చట్టం కింద చేతులు మారిన ఆస్తి అదే రోజున వెనక్కి రాదు. ఈ రెండింటినీ ఒకటిగా భావించడం వల్లే మీరన్న సాకు అనే అభిప్రాయం కలుగుతుంది.

బ్రిటన్ ఉదాహరణను కాస్త వివరంగా చూద్దాం. తన వలస రాజ్యాలలో బానిసత్వాన్ని రద్దు చేస్తూ బ్రిటిష్ పార్లమెంటు 1833లో చట్టం చేసింది. సుమారు 8 లక్షల మంది చట్టరీత్యా విముక్తులయ్యారు. ఆ సందర్భంగా ప్రభుత్వం 2 కోట్ల పౌండ్ల పరిహారం కేటాయించింది. అప్పటి వార్షిక ప్రభుత్వ వ్యయంలో అది దాదాపు 40 శాతం. పరిహారం పుచ్చుకున్నది బానిసలు కాదు, ‘ఆస్తి’ కోల్పోయిన యజమానులు. విముక్తి పొందినవారికి ఒక్క పౌండు ఇవ్వలేదు సరికదా, వారిలో అత్యధికులు అప్రెంటిస్‌లన్న పేరుతో 1838 వరకు పాత యజమానుల దగ్గరే కూలి లేకుండా చాకిరీ చేయవలసి వచ్చింది. ఆ పరిహారం కోసం తెచ్చిన అప్పు తాలూకు చివరి బకాయిని బ్రిటిష్ ప్రభుత్వం 2015లో తీర్చింది. అంటే బానిసల వారసులు బ్రిటన్‌లో స్థిరపడి పన్నులు కడుతున్న కాలంలో కూడా, యజమానులకు ఇచ్చిన పరిహారపు భారంలో కొంత వారిపై పడుతూనే ఉంది. ఒకవైపు కుటుంబాల చేతికి పెట్టుబడి వచ్చింది, రెండోవైపు కుటుంబాలు వట్టి చేతులతో మొదలయ్యాయి. ఆ తరువాత మార్కెట్ ఎంత నిష్పక్షపాతంగా నడిచినా, పై జవాబులోని చక్రవడ్డీ తన పని తాను చేసుకుపోతుంది.

హైతీ కథ ఇంకా దారుణం. బానిసలు తిరుగుబాటు చేసి 1804లో స్వతంత్ర దేశాన్ని స్థాపించుకున్నారు. 1825లో ఫ్రాన్స్ యుద్ధనౌకలను పంపి, తమ తోటల యజమానులకు కలిగిన నష్టానికి 15 కోట్ల ఫ్రాంకులు చెల్లిస్తేనే దేశంగా గుర్తిస్తామంది. తరువాత ఆ మొత్తాన్ని 9 కోట్లకు తగ్గించినా, అది కట్టడానికి చేసిన అప్పులు తీరేసరికి 1947 వచ్చింది. బడులకూ రోడ్లకూ పోవలసిన రాబడి ఒక శతాబ్దానికి పైగా స్వేచ్ఛకు వెల కట్టడానికే పోయింది.

దక్షిణాఫ్రికాలో 1913 నాటి భూచట్టం జనాభాలో అత్యధికులైన నల్లజాతివారిని దేశ భూభాగంలో సుమారు 7 శాతానికి పరిమితం చేసింది. 1936లో ఆ వాటాను 13 శాతానికి పెంచారు. చట్టం 1991లో రద్దయింది. ప్రపంచ బ్యాంకు లెక్కల ప్రకారం నేటికీ ఆదాయ అసమానత అత్యధికంగా ఉన్న దేశం అదే. 2014 నాటి దాని జీనీ సూచిక 0.63. అమెరికాలో 1930లలో ఒక ప్రభుత్వ గృహరుణ సంస్థ నగర పటాలు తయారు చేయించి, నల్లజాతివారు నివసించే పేటలకు ఎర్రరంగు పూసింది. అక్కడ ఇచ్చే అప్పు తిరిగి రావడం కష్టమని దాని అర్థం. ఇళ్ల విషయంలో ఇలాంటి వివక్షను 1968 చట్టం నిషేధించింది. సామాన్య కుటుంబానికి ఇల్లే ప్రధాన ఆస్తి కాబట్టి, ఇల్లు కొనలేకపోయిన ఆ తరం తన పిల్లలకు ఇవ్వడానికి ఏమీ మిగుల్చుకోలేకపోయింది. 2022లో అమెరికా కేంద్ర బ్యాంకు జరిపిన సర్వేలో మధ్యస్థ (అంటే ఆస్తుల వరుసలో సరిగ్గా నడిమిన నిలిచే) శ్వేతజాతి కుటుంబపు నికర ఆస్తి మధ్యస్థ నల్లజాతి కుటుంబపు ఆస్తికి సుమారు ఆరు రెట్లు ఉంది. ఆదాయాలలో తేడా మాత్రం రెండింతల లోపే. గతం మాసిపోయి ఉంటే ఈ రెండు నిష్పత్తుల మధ్య ఇంత ఎడం ఉండదు.

ప్రశ్న: అందరికీ మంచి చదువు అందితే ఈ సమస్య దానంతటదే పోతుందని నా విద్యార్థులకు చెబుతుంటాను. సరైన మాటేనా?
– ఒక ఉపాధ్యాయురాలు

జవాబు: సగం సరైనది. నైపుణ్యం గలవారు కొద్దిమందే ఉన్నప్పుడు వారి వేతనాలు మిగతావారి కంటే ఎంతో ఎత్తున ఉంటాయి. చదువు విస్తరిస్తే ఆ ఎడం తగ్గుతుంది. ఇంతవరకు మీ మాటకు తిరుగులేదు. కాని పట్టా అందరి చేతికీ వచ్చాక ఉద్యోగం ఇచ్చేవారు పట్టా కాక మరేదో చూడడం మొదలుపెడతారు: ఎక్కడ చదివారు, ఎవరి సిఫారసు ఉంది, జీతం లేకుండా ఆరు నెలలు శిక్షణలో ఉండగలిగారా, చివరికి పేరేమిటి అన్నది కూడా.

పేరు సంగతి వట్టి అనుమానం కాదు. ఆర్థికవేత్తలు మరియన్ బెర్ట్రాండ్, సెంథిల్ ముల్లైనాథన్ బోస్టన్, షికాగో నగరాలలో వెలువడిన ఉద్యోగ ప్రకటనలకు సుమారు 5,000 కల్పిత దరఖాస్తులు పంపి 2004లో ఫలితాలు ప్రచురించారు. అర్హతలు ఒకే స్థాయివి, తేడా పేరులోనే. శ్వేతజాతివారికి ఉండే పేర్లతో వెళ్లిన దరఖాస్తులకు, నల్లజాతివారికి ఉండే పేర్లతో వెళ్లినవాటి కంటే 50 శాతం ఎక్కువ పిలుపులు వచ్చాయి. చదువు ఇచ్చిన అర్హత రెండు దరఖాస్తులలోనూ ఉంది, అది ఒకదానిలోనే చెల్లుబాటైంది.

మరొక విషయం మీవంటి ఉపాధ్యాయులకు స్వానుభవమే అయి ఉంటుంది. బిడ్డ బడికి రావాలంటే ఆ బిడ్డ కూలి మీద ఇల్లు ఆధారపడకుండా ఉండాలి. దక్షిణ కొరియా విద్యావిజయం గురించి చాలామంది చెబుతారు గాని, దానికి ముందు జరిగినదాన్ని తరచు వదిలేస్తారు. అక్కడ 1949లో భూసంస్కరణ చట్టం వచ్చింది, 1950లో అమలు మొదలైంది. ఒక్కో కుటుంబానికి సుమారు 3 హెక్టార్ల పరిమితి విధించి, మిగులు భూమిని కౌలుదార్లకు పంచారు. 1950ల చివరికల్లా దాదాపు పిల్లలందరూ ప్రాథమిక బడిలో చేరారు. జపాన్‌లోనూ యుద్ధం ముగిశాక ఇదే జరిగింది. కౌలు కింద ఉన్న సాగుభూమి 46 శాతం నుంచి కొద్ది ఏళ్లలోనే 10 శాతం దగ్గరికి తగ్గింది. పంటలో పెద్ద వాటాను కౌలుగా చెల్లించే ఇల్లు పిల్లవాణ్ని పొలానికి పంపుతుంది, తన పంట తనకు మిగిలే ఇల్లు బడికి పంపుతుంది. విద్యార్థులకు మీరు చెప్పే మాటకు ఈ ముక్కను కూడా జతచేస్తే అది సంపూర్ణమవుతుంది.

ప్రశ్న: రోజంతా ఇంటి పనే చేసే నాలాంటివారు ‘ఏమీ చేయడం లేదు’ అనిపించుకుంటాం. స్త్రీ పురుషుల మధ్య ఆదాయ వ్యత్యాసానికి అసలు కారణం యజమానుల వివక్షా, ఇంటి బాధ్యతలా?
– ఒక గృహిణి

జవాబు: ఒకప్పుడు మొదటిది ప్రధానం; ఇప్పుడు చాలా దేశాలలో రెండోదాని పాలు పెరిగింది. ఇంగ్లండులో 1870, 1882 చట్టాలు వచ్చేవరకు పెళ్లయిన స్త్రీ సంపాదన మీద సాధారణంగా ఆమెకు హక్కే ఉండేది కాదు. అమెరికాలో 1974 చట్టం వచ్చేవరకు భర్త సంతకం లేనిదే అప్పు ఇవ్వబోమని బ్యాంకులు చెప్పగలిగేవి. ఇలాంటి అడ్డంకులు తొలగాక కూడా వ్యత్యాసం మిగిలింది. అమెరికా శ్రామిక మార్కెట్ చరిత్రను దశాబ్దాలపాటు పరిశోధించి 2023లో నోబెల్ బహుమతి పొందిన క్లాడియా గోల్డిన్ చూపించినదేమిటంటే, ఒకే చదువు చదివి ఒకే వృత్తిలో చేరిన స్త్రీ పురుషుల వేతనాలు మొదట దగ్గరగానే ఉంటాయి. మొదటి బిడ్డ పుట్టాక ఎడం పెరగడం మొదలవుతుంది. ఏ వేళ పిలిచినా రాగలిగినవారికి హెచ్చు జీతం ఇచ్చే ఉద్యోగాలలో, ఇంట్లో పసిబిడ్డను చూసుకునేవారు వెనకబడక తప్పదు.

ఆ చూసుకునే పని ఎవరిదన్నది ప్రకృతి నిర్ణయించింది కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018 నివేదిక ప్రకారం ప్రపంచంలో జీతం లేని సంరక్షణ పని గంటలలో 76.2 శాతం స్త్రీలే చేస్తున్నారు. మార్కెట్లో వెల కట్టని పని కాబట్టి అది జాతీయాదాయం లెక్కలోకి రాదు. అది ఆగితే ఏమవుతుందో ఐస్‌లాండ్ ఒకసారి చూసింది. 1975 అక్టోబరు 24న ఆ దేశపు స్త్రీలలో సుమారు 90 శాతం మంది ఉద్యోగాలూ వంటా పిల్లల సంరక్షణా అన్నీ మానేశారు. తండ్రులు పిల్లలను వెంటబెట్టుకుని పనికి వెళ్లవలసి వచ్చింది. మరుసటి ఏడాదే స్త్రీ పురుష సమానత్వ చట్టం వచ్చింది. ఏమీ చేయడం లేదన్నవారికి ఆ ఒక్క రోజు సంగతి చెప్పండి.

ప్రశ్న: యంత్రాలు, కంప్యూటర్లు, ప్రపంచీకరణ – ఇవే నేటి అసమానతకు కారణమని, వీటిని ఎవరూ ఆపలేరని మా కార్యాలయంలో చర్చ జరిగింది. మీ అభిప్రాయం?
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

జవాబు: సాంకేతికతకు పాత్ర ఉంది. పూర్వం ఆర్థికవేత్త ఆల్‌ఫ్రెడ్ మార్షల్ మిసెస్ బిల్లింగ్టన్ అనే గాయని సంపాదనను ప్రస్తావిస్తూ, మనిషి గొంతు వినగలిగే జనం సంఖ్యకు హద్దు ఉంది కనుక ఏ గాయకులైనా ఆమెను మించి పెద్దగా ఆర్జించలేరని అభిప్రాయపడ్డాడు. రికార్డులు, ప్రసారాలు, ఆ తరువాత అంతర్జాలం ఆ హద్దును చెరిపేశాయి. ఒక్క ప్రతి తయారైతే కోట్ల ప్రతులకు అదనపు ఖర్చు ఉండని వస్తువులలో అందరికంటే కాస్త ముందున్నవారికే దాదాపు మొత్తం మార్కెట్ దక్కుతుంది. మీ రంగంలో ఇది మీరు రోజూ చూస్తున్నదే.

అయితే ‘ఎవరూ ఆపలేరు’ అన్న మాటను అంగీకరించలేను. 1980లో అమెరికాలోనూ పశ్చిమ ఐరోపాలోనూ పైనున్న 1 శాతం మందికి జాతీయాదాయంలో దాదాపు 10 శాతం అందేది. 2016 నాటికి పశ్చిమ ఐరోపాలో అది 12 శాతమైతే, అమెరికాలో 20 శాతమైంది. కంప్యూటర్లు రెండుచోట్లా ఒకటే, ప్రపంచ వాణిజ్యమూ ఒకటే. మారినవి విధానాలు. అమెరికాలో అత్యధిక ఆదాయంపై పన్ను రేటు 1950లలో 91 శాతం ఉండేది, 1988కి 28 శాతమైంది. కార్మికులలో మూడోవంతు దాకా సంఘాలలో ఉన్న కాలం పోయి, నేడు పదోవంతుకు చేరింది. యంత్రం వల్ల వచ్చిన లాభంలో ఎవరి వాటా ఎంత అన్నది యంత్రం నిర్ణయించదు. బేరమాడే బలం, పన్ను చట్టం నిర్ణయిస్తాయి.

దేశం ఎదిగేకొద్దీ అసమానత మొదట పెరిగి ఆపై దానంతటదే తగ్గుతుందన్న సిద్ధాంతం కూడా మీ చర్చలో వచ్చే ఉంటుంది. దాన్ని 1955లో ప్రతిపాదించిన ఆర్థికవేత్త సైమన్ కుజ్‌నెట్స్, తన వ్యాసంలో వాస్తవ సమాచారం బహుశా 5 శాతమే, మిగతా 95 శాతం ఊహేనని స్వయంగా రాసుకున్నాడు. ఆ వాక్యం మాత్రం సిద్ధాంతమంత ప్రచారం పొందలేదు.

ప్రశ్న: పేదరికం తగ్గితే చాలదా? కడుపు నిండినవాడికి పక్కవాడి దగ్గర ఎంత ఉంటే ఏమిటి?
– ఒక పాఠకుడు

జవాబు: కడుపు నిండినవారి మీదే జరిగిన ఒక అధ్యయనం ఉంది. బ్రిటన్ ప్రభుత్వ కార్యాలయాలలో పనిచేసే సుమారు 18,000 మంది పురుషుల ఆరోగ్యాన్ని 1967 నుంచి పరిశీలించారు. వారిలో ఎవరూ నిరుపేదలు కారు, అందరికీ స్థిరమైన జీతం, ఒకే జాతీయ వైద్య సేవ. అయినా అట్టడుగు శ్రేణి ఉద్యోగులలో గుండెజబ్బు మరణాలు పై శ్రేణివారి కంటే దాదాపు మూడు రెట్లు ఉన్నాయి. ధూమపానం, రక్తపోటు వంటివి లెక్కలోకి తీసుకున్నా తేడాలో చాలా భాగం మిగిలింది. పని మీద అదుపు లేకపోవడం, ఎప్పుడూ ఒకరి ఆజ్ఞ కింద ఉండడం శరీరంపై ప్రభావం చూపుతాయని ఈ పరిశోధనను కొనసాగించిన మైకేల్ మార్మట్ వాదించాడు. పైగా, సంపద ఒక మేర దాటాక దానితో వస్తువుల కంటే పలుకుబడిని కొంటారు. చట్టాలు ఎవరికి అనుకూలంగా రాయాలన్నది ఆ పలుకుబడి చేతిలోకి వెళుతుంది.

ప్రశ్న: తల్లిదండ్రులు కష్టపడి కూడబెట్టింది పిల్లలకు ఇవ్వడం కూడా అసమానతకు కారణమేనంటారా? అలా అయితే మేమంతా దోషులమేనా?
– ఒక విశ్రాంత ఉద్యోగి

జవాబు: కారణమే, కాని దోషం కాదు. బిడ్డకు ఏదైనా మిగల్చాలన్న కోరికను తప్పుపట్టే సమాజం ఎక్కడా లేదు. ఇచ్చేవారి వైపు నుంచి చూస్తే అది ప్రేమ, శ్రమ ఫలం. పుచ్చుకునేవారి వైపు నుంచి చూస్తే అది తాము శ్రమించకుండా వచ్చినది. అదే తరంలో పుట్టిన మరో బిడ్డకు రానిది. రెండు చూపులూ నిజమే కాబట్టి ఏ దేశమూ ఈ చిక్కును పూర్తిగా విప్పలేకపోయింది. డబ్బు, ఇల్లు మాత్రమే వారసత్వం కాదని కూడా గమనించాలి. ఏ కోర్సులో చేరాలో చెప్పే మేనమామ, ఉద్యోగం పోతే నాలుగు నెలలు ఆదుకునే ఇల్లు, పెద్ద అధికారి ముందు తడబడకుండా మాట్లాడే అలవాటు – వీటిపై ఏ పన్నూ వేయలేరు.

అందుకే కొందరు ఉన్నవారి నుంచి తగ్గించడం గురించి కాక, లేనివారి చేతిలో మొదలుపెట్టడానికి ఏదైనా ఉంచడం గురించి ఆలోచించారు. రాజకీయ రచయిత థామస్ పెయిన్ 1797లోనే ఒక పథకం ప్రతిపాదించాడు: వారసత్వ ఆస్తులపై 10 శాతం పన్ను వసూలు చేసి, 21 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ 15 పౌండ్లు ఇవ్వాలి. అది దానం కాదు, హక్కు అని స్పష్టంగా రాశాడు. రెండు శతాబ్దాల తరువాత బ్రిటన్ అలాంటిదే చిన్న ఎత్తున చేసి చూసింది. 2002 సెప్టెంబరు నుంచి 2011 జనవరి మొదటి రోజుల వరకు పుట్టిన పిల్లల పేరిట ప్రభుత్వమే ఖాతా తెరిపించింది. తొలి ఏళ్లలో ఒక్కొక్కరికి 250 పౌండ్లు, పేద కుటుంబాల పిల్లలకు 500 పౌండ్లు వేసింది. ఖర్చు తగ్గింపు పేరుతో ఆ తరువాత పుట్టినవారికి పథకాన్ని ఆపేశారు. 2020 సెప్టెంబరు నుంచి ఆ పిల్లలకు వరుసగా 18 ఏళ్లు నిండుతున్నాయి. ఖాతాలో మరికొంత కలుపుతూ వచ్చినవారిలో కలిగిన కుటుంబాల పాలే ఎక్కువ. తమ పేరిట అలాంటి ఖాతా ఒకటి ఉందనే తెలియక డబ్బు తీసుకోనివారు లక్షల సంఖ్యలో ఉన్నారు. వారిలో పేద కుటుంబాల పిల్లల పాలే ఎక్కువ.